ఆదివారం మాత్రం సిగ్నల్ ఉంటుంది

ప్రశ్న: నేను తణుకు దగ్గర ఒక ప్రైవేటు స్కూల్లో టీచర్ని. రెండేళ్ల నాలుగు నెలల క్రితం 17 వేలు పెట్టి ఫోన్ కొన్నాను. మార్చి నెలలో ఏదో అప్‌డేట్ వస్తే వేసుకున్నాను. అప్పటినుంచీ స్కూలు నుంచి ఇంటికొచ్చి చూసేసరికి 'నో సర్వీస్' అని ఉంటోంది. రెండు సిమ్‌లు, వేర్వేరు కంపెనీలవి, రెండూ ఒకేసారి పోతున్నాయి. ఆపి ఆన్ చేస్తే పది నిమిషాలు వచ్చి మళ్లీ పోతుంది. సాయంత్రానికి దానంతటదే వస్తుంది. ఇంట్లో వైఫై మాత్రం బ్రహ్మాండంగా పనిచేస్తోంది. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మా తమ్ముడు అప్‌డేట్ వల్లే అంటాడు. మావారికి మోటారు వైండింగ్ షాపు ఉంది. ఆయన లోపల ఏదో పోయిందంటారు. సర్వీస్ సెంటర్లో బోర్డు మార్చాలి, 11,500 అవుతుందన్నారు. బజార్లో షాపతను సాఫ్ట్‌వేర్ కొడితే చాలని 600 తీసుకున్నాడు. శనివారం సాయంత్రం చేయించాను. ఆదివారమంతా బాగుంది, సోమవారం మధ్యాహ్నం మళ్లీ మొదలు. అసలు ఈ ఫోన్ ఆదివారాలు మాత్రం బుద్ధిగా ఉంటుంది, దానికీ సెలవు కావాలేమో! స్కూల్లోకి ఫోన్ తేకూడదు కాబట్టి బండి డిక్కీలో పెడతాను. పేరెంట్స్ ఫోన్లు ఇంటికొచ్చాకే చూసుకోవాలి, అప్పుడేమో సిగ్నల్ ఉండదు. సంక్రాంతికి కింద పడి డిస్‌ప్లే పగిలితే 2,800 పెట్టి మార్పించాను. మళ్లీ ఖర్చంటే భయంగా ఉంది. ఇంతకీ ఇది హార్డ్‌వేరా, సాఫ్ట్‌వేరా?

సమాధానం: మీరు సరదాకి రాసిన ముక్క దగ్గరే నేను ఆగిపోయానమ్మా. ఆదివారాలు బుద్ధిగా ఉంటుంది అన్నారు చూడండి, అక్కడ. అప్‌డేట్‌లో తప్పుంటే అది సోమవారమైనా ఆదివారమైనా ఒకేలా ఏడిపించాలి. మీ ఫోన్ బడి ఉన్న రోజునే మొరాయిస్తోంది. అంటే బడి ఉన్న రోజున దానికి ఏదో జరుగుతోంది, ఇంట్లో ఉన్న రోజున జరగడం లేదు. ఏం జరుగుతోందో కూడా మీరే రాశారు: పొద్దుటినుంచి బడి వదిలేదాకా అది బండి డిక్కీలో ఉంటోంది.

డిక్కీ సంగతికి మళ్లీ వస్తాను. ముందు మీ తమ్ముడి పక్షాన రెండు మాటలు చెప్పాలి, ఎందుకంటే అతని అనుమానం ఊరికే పుట్టింది కాదు. అప్‌డేట్ వల్ల ఫోన్ మూగబోయిన సందర్భాలు నిజంగానే ఉన్నాయి. 2014 సెప్టెంబర్ 24న యాపిల్ ఐఓఎస్ 8.0.1 అనే అప్‌డేట్ విడుదల చేసింది. అది వేసుకున్న ఐఫోన్ 6, 6 ప్లస్ ఫోన్లలో నెట్‌వర్క్ పోయింది, వేలిముద్ర కూడా పనిచేయలేదు. గంట, గంటన్నరలోనే దాన్ని వెనక్కి తీసుకుని, మర్నాడే ఇంకోటి ఇచ్చారు. గూగుల్ పిక్సెల్ 6కి 2021 డిసెంబర్ అప్‌డేట్ వచ్చాక కాల్స్ మధ్యలో తెగిపోతున్నాయని గోల మొదలైంది. గూగుల్ ఆ అప్‌డేట్‌ను ఆపేసి, జనవరిలో సరిచేసి పంపింది. ఈ రెండిట్లోనూ ఒక పోలిక ఉంది. ఒకే మోడల్ ఫోన్ ఉన్నవాళ్లు పెద్దసంఖ్యలో ఒకేసారి మొత్తుకున్నారు. కంపెనీ ఇంకో అప్‌డేట్ పంపగానే, ఎవరూ స్క్రూడ్రైవర్ పట్టకుండానే, ఫోన్లు బాగయ్యాయి.

అందుకే మీ తమ్ముడిని ఒక్క ప్రశ్న అడగండి. మీ మోడల్ ఫోన్ ఉన్నవాళ్లు, అదే అప్‌డేట్ వేసుకున్నవాళ్లు మీ చుట్టుపక్కల ఇంకా ఉంటారు. వాళ్లకీ ఇలాగే ఉందా? ఆఫీసులో అతని దగ్గరికి ఎవరైనా బగ్ ఉందని వస్తే మొట్టమొదట అతను అడిగేది 'ఎలా చేస్తే వస్తోంది, మళ్లీ రప్పించి చూపించు' అనే కదా. అక్క ఫోన్ విషయంలో ఆ ప్రశ్న ఎందుకో మర్చిపోయాడు.

ఇక రెండో రకం. ఐఫోన్ 7లో కొన్నిటికి సిగ్నల్ ఉన్న చోట కూడా 'నో సర్వీస్' అని వచ్చేది. 2018 ఫిబ్రవరిలో యాపిల్ ఒప్పుకుంది, మెయిన్ బోర్డు మీద ఒక భాగం చెడిపోవడమే కారణమని. 2016 సెప్టెంబర్ నుంచి 2018 ఫిబ్రవరి మధ్య తయారై, అమెరికా, చైనా, జపాన్ లాంటి కొన్నిచోట్ల అమ్మిన కొన్ని మోడళ్లకు ఉచితంగా రిపేరు చేసిచ్చింది. పైకి కనిపించే జబ్బు 8.0.1 నాటి జబ్బే. మందు మాత్రం వేరు. ఎన్ని అప్‌డేట్లు వేసినా ఆ ఫోన్లు బాగుపడలేదు.

హార్డ్‌వేరా సాఫ్ట్‌వేరా అని మీ ఇంట్లోలాగే ప్రపంచమంతా వాదించుకున్న కేసు ఒకటుంది, 2010 నాటి ఐఫోన్ 4. జూన్ 24న మార్కెట్లోకి వచ్చింది. చుట్టూ ఉన్న స్టీలు అంచునే యాంటెనాగా వాడారు. ఎడమవైపు కింది మూలన ఆ అంచులో చిన్న చీలిక ఉండేది. అరచేయి అక్కడ తగిలితే సిగ్నల్ గీతలు గబగబా పడిపోయేవి. కంపెనీ జూలై 2న ఇచ్చిన వివరణ ఏమిటంటే, గీతలు లెక్కకట్టే సూత్రమే మొదటినుంచీ తప్పు, ఉండాల్సినదానికన్నా రెండు గీతలు ఎక్కువ చూపిస్తున్నాం, సాఫ్ట్‌వేర్ మారుస్తాం అని. సాఫ్ట్‌వేర్ మార్చారు కూడా. జూలై 16న స్టీవ్ జాబ్స్ స్వయంగా విలేఖరుల ముందుకొచ్చి, కొన్నవాళ్లందరికీ అంచుకు తొడిగే కేస్ ఉచితంగా ఇస్తామన్నాడు. తప్పంతా గీతల లెక్కలోనే ఉంటే తొడుగు దేనికి? రెండూ నిజమే. చేయి తగిలితే సిగ్నల్ తగ్గేది, అది లోహం సంగతి. అసలే బలహీనంగా ఉన్న సిగ్నల్‌ను ఎక్కువ గీతలుగా చూపించడంతో, పడిపోయినప్పుడు కొండమీంచి పడ్డట్టు కనిపించేది, అది లెక్క సంగతి. ఆ గొడవ చివరికి కోర్టు దాకా వెళ్లి 2012లో రాజీ అయింది. కొన్నవాళ్లకు 15 డాలర్లు గానీ కేస్ గానీ ఇచ్చేలా.

ఈ కథ చెప్పడానికి ఇంకో కారణం, గీతలు. ఫోన్ పైన కనిపించే గీతలకు ఏ ప్రమాణమూ లేదు. ఒక కంపెనీ ఫోన్ నాలుగు గీతలు చూపించే చోట ఇంకోటి రెండే చూపిస్తుంది. 'మీ ఫోన్‌లో ఫుల్ ఉంది, నా ఫోన్‌లో లేదు' అనే వాదన అందుకే తేలదు. తేలాలంటే అంకె చూడాలి. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో సెట్టింగ్స్‌లో 'అబౌట్ ఫోన్'లోకి వెళ్లి సిమ్ స్టేటస్ నొక్కితే సిగ్నల్ స్ట్రెంగ్త్ దగ్గర మైనస్‌తో ఒక అంకె ఉంటుంది, పక్కన డీబీఎం అని. 4జీలో మైనస్ 85 అంటే బాగున్నట్టు. మైనస్ 110 అంటే కాల్ అందుతుంది, ఇంటర్నెట్ నత్తనడక. మైనస్ 120 దాటిందంటే ఇక ఊపిరి ఉన్నా లేనట్టే. ఈ అంకె పది తగ్గితే సిగ్నల్ పదో వంతుకు పడిపోయినట్టు, ఇరవై తగ్గితే నూరో వంతుకు. మైనస్ 90కీ 110కీ పెద్ద తేడా ఏముందిలే అనుకోకూడదు.

ఇప్పుడు మీ ఫోన్ దగ్గరికి వద్దాం. ఉత్తరంలో మీరు ఇచ్చిన ఆధారాలు ఒక్కొక్కటీ ఏం చెబుతున్నాయో చూడండి.

రెండు కంపెనీల సిమ్‌లూ ఒకేసారి పోతున్నాయి. కాబట్టి టవర్‌నూ సిమ్‌నూ పక్కన పెట్టేయొచ్చు. ఒకే సిమ్ పోతుంటే నేను మిమ్మల్ని ముందు సిమ్ మార్చమనేవాణ్ని. వైఫై బాగుంది. వైఫైకీ మొబైల్ సిగ్నల్‌కీ దారులు వేరు. కాబట్టి ఫోన్ మొత్తం దెబ్బతినలేదు, మొబైల్ సిగ్నల్ వచ్చే దారిలో ఎక్కడో తేడా ఉంది. సాయంత్రానికి దానంతటదే వస్తోంది. సాఫ్ట్‌వేర్ చెడితే చెడినట్టే ఉంటుంది, సాయంత్రం చల్లబడిందని కోలుకోదు.

మార్చి నుంచే అన్నారు. మార్చిలో అప్‌డేట్ ఒక్కటే రాలేదు కదా, ఎండలూ వచ్చాయి. ఒంటిపూట బడులు మొదలై మీరు బడి వదిలి బండి తీసే వేళ పన్నెండున్నరకు మారింది. పొద్దున ఏడున్నరకు పెట్టిన బండి, చెట్టు నీడ జరిగిపోయాక నడినెత్తిన ఎండలో నిలబడి ఉంటుంది. పెట్రోలు స్కూటీ అయితే డిక్కీకి కిందే ఇంజిను. పైనుంచి సూర్యుడు, కిందనుంచి బండి, మధ్యలో మూతపెట్టిన గిన్నెలో మీ ఫోన్. అసలు ఫోన్లను ఎంత వేడిలో ఉంచొచ్చో కంపెనీలే చెబుతాయి. యాపిల్ అయితే వాడేటప్పుడు చుట్టూ 35 డిగ్రీలు దాటకూడదంటుంది, ఆపి దాచిపెట్టినా 45 దాటకూడదంటుంది. మన గోదావరి జిల్లాల్లో ఏప్రిల్, మే నెలల్లో మామూలు గాలే దాదాపు ఆ మాత్రం వేడి ఉంటుంది. డిక్కీలో ఎంతుంటుందో సీటు ఎత్తినప్పుడు ముఖానికి కొట్టే ఆవిరే చెబుతుంది. అప్‌డేట్ వేసుకోవడమూ ఎండ ముదరడమూ ఒకేసారి జరిగాయి. కాకి వాలడమూ తాటిపండు రాలడమూ లాంటిదే.

ఒక చిన్న మినహాయింపు చెప్పాలి. వేడెక్కితే సిగ్నల్ తగ్గడం కొంతవరకు ఫోన్‌కు నేర్పిన జాగ్రత్తే. బాగా కాలిపోతున్నప్పుడు ఫోన్ తన రేడియో శక్తిని తగ్గించుకుంటుంది, 5జీ వదిలి 4జీకి దిగుతుంది. స్క్రీన్ మసకబారుతుంది, కొన్ని ఫోన్లు హెచ్చరిక కూడా చూపిస్తాయి. అది జబ్బు కాదు. కానీ అలాంటప్పుడు సిగ్నల్ తగ్గుతుందే తప్ప, ఇంటికొచ్చి ఫ్యాన్ కింద కూర్చున్నాక కూడా సాయంత్రం దాకా రెండు సిమ్‌లూ పూర్తిగా మాయమైపోవు. మీది ఆ జాగ్రత్త హద్దు దాటిన సంగతి.

మరి ఏమై ఉంటుంది? ఇది మీవారికి నాకంటే బాగా తెలుసు. మోటారు వేడెక్కాక ఆగిపోయి, చల్లారాక మళ్లీ తిరిగే కేసులు ఆయన చాలానే చూసి ఉంటారు. విప్పితే ఎక్కడో ఒక జాయింటు వదులై ఉంటుంది. మీ ఫోన్‌లో కూడా అలాంటి జాయింటే అని నా అనుమానం, కాకపోతే ఆవగింజ కన్నా చిన్నది. ఫోన్ బోర్డు మీద చిప్‌ల కింద కాళ్లుండవు. వాటి బదులు వందల కొద్దీ సన్నని సీసపు గుండ్ల లాంటివి ఉంటాయి. సీసపు అన్నానే గానీ ఇప్పుడు సీసం వాడరు, తగరం ఎక్కువగా ఉన్న మిశ్రమం వాడతారు. అది సుమారు 217 డిగ్రీల దగ్గర కరుగుతుంది కాబట్టి డిక్కీ వేడికి కరిగే ప్రశ్న లేదు. కానీ వేడికి బోర్డు ఒకలా, చిప్ ఇంకోలా వ్యాకోచిస్తాయి. రెంటి మధ్య నలిగేది ఆ గుండే. బాగున్న గుండు తట్టుకుంటుంది. సంక్రాంతికి మీ ఫోన్ కింద పడింది, డిస్‌ప్లే పగిలేంత గట్టిగా. ఆ దెబ్బకు లోపల ఏదో ఒక గుండుకు వెంట్రుకంత బీట పడి ఉండొచ్చు. చలికాలమంతా బీటకు అటూ ఇటూ తగులుతూనే ఉంది, ఫోన్ పనిచేసింది. ఎండలొచ్చేసరికి మధ్యాహ్నం విడిపోవడం, సాయంత్రం కలవడం మొదలైంది. రిపేరు షాపుల్లో దీన్ని డ్రై సోల్డర్ అంటారు. ఆపి ఆన్ చేస్తే పది నిమిషాలు వస్తోందంటే, కొత్తగా మొదలయ్యేటప్పుడు ఆ కాస్త తగులుబాటుతో మోడెమ్, అంటే మొబైల్ సిగ్నల్ సంగతి చూసే చిప్, లేస్తోంది, పని పెరిగి వేడెక్కగానే మళ్లీ కూలబడుతోంది.

బజారు షాపతను మోసం చేశాడని నేను అనను. అతను నిజంగా నమ్మే చేసి ఉంటాడు. కానీ శనివారం సాయంత్రం చేయిస్తే ఆదివారం బాగుందన్నారు. మీ ఫోన్ ఆదివారం ఎప్పుడు బాలేదు? 600 పెట్టకపోయినా ఆదివారం బాగానే ఉండేది. సాఫ్ట్‌వేర్ కొట్టించడంలో ఈ చిక్కు ఎప్పుడూ ఉంటుంది. ఆ గంటసేపు ఫోన్ కాస్త విశ్రాంతిగా, చల్లగా షాపు బల్ల మీద ఉంటుంది. చేతికిచ్చేటప్పుడు సిగ్నల్ ఉంటుంది. సంతోషంగా డబ్బులిచ్చి వస్తాం.

ఇంకో అనుమానం కూడా మిగిలింది, అది కాస్త చవకైనది. అందుకే ముందు దాన్నే చూడమంటాను. మా అమ్మ ఫోన్‌కు కిందటేడు బ్యాటరీ మార్పించాం. షాపు నుంచి తెచ్చిన రోజునుంచీ కిటికీ దగ్గర నిలబడితేనే మాట వినిపించేది. అదే వారం అప్‌డేట్ కూడా వచ్చింది. నేను, ఇలాంటి ఉత్తరాలకు జవాబులు రాసేవాణ్ని, పదిహేను రోజులు అప్‌డేట్‌నే తిట్టాను. నెట్‌వర్క్ సెట్టింగ్స్ రీసెట్ చేశాను. ఒకసారి ఫోన్ మొత్తం చెరిపేశాను. అమ్మ తన పాత రికార్డింగ్‌లు కొన్ని పోయాయని ఇప్పటికీ గుర్తు చేస్తుంది. చివరికి వేరే షాపులో వెనక మూత తీయించాను. కుర్రాడు లోపలికి టార్చి వేశాడు. బోర్డు పై భాగం నుంచి కింది భాగానికి ఫోన్ అంచు వెంబడి నల్లగా, సన్నగా, నూడుల్ ముక్కలా ఒక తీగ ఉంది. యాంటెనాకు సిగ్నల్ మోసే తీగ అదే. దాని కొసన బియ్యపు గింజలో సగం ఉండే బంగారు రంగు బొత్తాం. అది తన గుంటలో కాకుండా పక్కన వాలి ఉంది. ప్లాస్టిక్ పుల్ల మొనతో దాన్ని సరిగ్గా నిలబెట్టి నొక్కాడు. టిక్ అంది. అంతే. మైనస్ 117 ఉన్న అంకె మైనస్ 91కి వచ్చింది. నాలుగు వందల రెట్ల తేడా, ఒక్క టిక్‌తో. కుర్రాడు డబ్బులు వద్దన్నాడు, నేనే బలవంతంగా వంద చేతిలో పెట్టాను.

మీ ఫోన్ కూడా సంక్రాంతికి విప్పారు. డిస్‌ప్లే మార్చేటప్పుడు చాలా ఫోన్లలో ఈ తీగను పీకి మళ్లీ పెట్టాల్సి వస్తుంది. సరిగ్గా కూర్చోకపోతే సిగ్నల్ బలహీనమవుతుంది. అయితే ఈ కారణమే అయితే రోజంతా, ఆదివారంతో సహా, సిగ్నల్ తక్కువగా ఉండాలి. మీకలా లేదు. అందుకే నాకు దీనికన్నా సోల్డర్ మీదే అనుమానం ఎక్కువ. అయినా మూత తీసి తీగ చూడటానికి వంద, రెండు వందలకు మించి అవదు. 11,500 మాట ఎత్తకముందు ఆ పని చేయించాల్సిందే. అదే చేత్తో బ్యాటరీ ఉబ్బిందేమో కూడా చూడమనండి. ఇన్నాళ్లు డిక్కీలో మగ్గిన బ్యాటరీ ఉబ్బితే ఆశ్చర్యం లేదు. ఉబ్బి ఉంటే సిగ్నల్ సంగతి తరువాత, ముందు బ్యాటరీ మార్చేయాలి, అందులో బేరం లేదు.

షాపుకు వెళ్లేముందు ఇంట్లో చేయాల్సినవి ఉన్నాయి, ఖర్చు లేనివి. మొదటిది, రేపటినుంచి నాలుగు రోజులు ఫోన్‌ను డిక్కీలో పెట్టొద్దు. స్కూలు రూలు తెలుసు. ఆపేసి హ్యాండ్‌బ్యాగులో పెట్టి స్టాఫ్ రూములో ఉంచుతానని హెడ్‌మాస్టర్ గారిని అడగండి. కుదరకపోతే ఆ నాలుగు రోజులూ ఇంట్లో వదిలి వెళ్లండి. నాలుగు మధ్యాహ్నాలూ సిగ్నల్ నిలిచిందనుకోండి, వేడి విషయం తేలిపోయినట్టే. నిలవకపోతే నా అంచనా తప్పు, అప్పుడు మీ తమ్ముడి మాట మళ్లీ వినాలి.

రెండోది, సిగ్నల్ పోయి ఉన్న క్షణంలోనే డయల్ ప్యాడ్ మీద *#06# కొట్టి చూడండి. ఫోన్‌కు గుర్తింపుగా ఉండే పదిహేను అంకెల ఐఎంఈఐ నంబర్లు రెండు కనిపించాలి. చాలా ఫోన్లలో మోడెమ్ చిప్‌తో సంబంధం తెగితే ఆ చోటు ఖాళీగా గానీ సున్నాలతో గానీ ఉంటుంది. 'అబౌట్ ఫోన్'లో బేస్‌బ్యాండ్ వెర్షన్ అని ఒక వరుస ఉంటుంది, దాని ఎదురుగా 'అన్‌నోన్' అని వస్తుంది. సాయంత్రం సిగ్నల్ వచ్చాక మళ్లీ చూడండి. మధ్యాహ్నం మాయమైన నంబర్లు సాయంత్రానికి తిరిగొస్తే అది బీటపడిన జాయింటే, ఇక వాదన అక్కర్లేదు. నంబర్లు ఎప్పుడూ కనిపిస్తూ సిగ్నల్ మాత్రమే పోతుంటే మోడెమ్ బతికే ఉంది, దానికీ యాంటెనాకూ మధ్యలో తేడా ఉంది. అప్పుడు తీగ మీదా, సిగ్నల్ పెంచే చిన్న చిప్ మీదా చూపు పెట్టాలి. అప్‌డేట్ వేసిన రోజునుంచి నంబర్లు శాశ్వతంగా పోయి ఉంటే కథ వేరేగా ఉండేది, తమ్ముడికి ఓటు వేసేవాణ్ని.

ఇంకో చిన్న గమనిక. సిగ్నల్ పోయినప్పుడు తెర మీద 'నో సర్వీస్' అని ఉందా, 'ఎమర్జెన్సీ కాల్స్ ఓన్లీ' అని ఉందా అన్నది జాగ్రత్తగా చదవండి. రెండోది ఉంటే ఫోన్‌కు ఏదో ఒక టవర్ వినిపిస్తోందన్నమాట, చెవి బాగానే ఉంది, సిమ్‌నో కనెక్షన్‌నో అనుమానించాలి. మీరు మొదటిదే రాశారు, నేను దాన్ని నమ్ముకునే ఇదంతా చెప్పాను.

నెట్‌వర్క్ సెట్టింగ్స్ రీసెట్ ఒక్కసారి చేసి చూడొచ్చు, నష్టం లేదు. వైఫై పాస్‌వర్డ్‌లు, బ్లూటూత్ జతలు మళ్లీ పెట్టుకోవాలి, అంతే. ఫోన్ మొత్తం చెరిపేయడం మాత్రం వద్దు. 600 పెట్టి కొట్టించిన సాఫ్ట్‌వేర్‌తో ఆ పరీక్ష ఎలాగూ అయిపోయింది. ఆ 600 వృథా కాలేదని సర్దిచెప్పుకోండి, సాఫ్ట్‌వేర్ కాదని తేల్చిపెట్టింది. ఎవరైనా సిమ్ మార్చమంటే కూడా వద్దనే అంటాను. మార్చాల్సివస్తే ఒకటి గుర్తుంచుకోండి, కొత్త సిమ్ వేశాక 24 గంటలు ఎస్సెమ్మెస్‌లు రావు. బ్యాంకు ఓటీపీ అవసరమున్న రోజున ఆ పని పెట్టుకోకూడదు. ఇంకా, చల్లబడుతుంది కదా అని ఫ్రిజ్‌లో పెట్టమనే సలహా ఎవరో ఒకరు ఇస్తారు. పెట్టొద్దు. బయటికి తీయగానే లోపల చెమ్మ పడుతుంది. ఫ్యాన్ గాలి చాలు.

ఇక డబ్బు సంగతి. 11,500 పెట్టొద్దు. ఇది నా ఖచ్చితమైన అభిప్రాయం. సర్వీస్ సెంటర్ చెప్పింది అబద్ధమని కాదు, వాళ్లు జాయింట్లు వెతుకుతూ కూర్చోరు, బోర్డు తీసి బోర్డు పెడతారు. కానీ 17 వేల ఫోన్, రెండున్నరేళ్లకు దగ్గరపడింది. దాని మీద ఇంకో పదకొండున్నర వేలు పోయడం, పాత బండికి కొత్త ఇంజిను వేయడం లాంటిది. పైగా బోర్డుతోపాటు మీ ఫొటోలు, మెసేజ్‌లు అన్నీ పోతాయి, ఎందుకంటే అవి ఉండేది బోర్డు మీదే. ఈ ముక్క కౌంటర్ దగ్గర చాలామంది చెప్పరు, చెప్పినా ఫారం మీద చిన్న అక్షరాల్లో ఉంటుంది. మీరు బోర్డు మార్చినా మార్చకపోయినా, ఈ రాత్రే వైఫై మీద బ్యాకప్ తీయండి. బీటపడిన జాయింటు ఏదో ఒక మధ్యాహ్నం విడిపోయి మళ్లీ కలవకపోవచ్చు. అది మోడెమ్ దగ్గరైతే సిగ్నలే పోతుంది. చాలా ఫోన్లలో మోడెమ్, ప్రాసెసర్ ఒకే చిప్‌లో ఉంటాయి కాబట్టి ఫోన్ మొత్తం లేవకపోవచ్చు కూడా.

మధ్యేమార్గం రీబాలింగ్. చిప్‌ను వేడిగాలితో పైకి తీసి, కొత్త గుండ్లు పెట్టి, మళ్లీ అతికిస్తారు. మంచి చేయి పడితే బాగుంటుంది. చెడ్డ చేయి పడితే ఉన్న ఫోనూ పోతుంది. హైదరాబాద్ అబిడ్స్‌లో జగదీష్ మార్కెట్ ఉంది, మైక్రోస్కోప్ పెట్టుకుని బోర్డు పనులే చేసేవాళ్లు అక్కడ దొరుకుతారు. తమ్ముడు ఎలాగూ అక్కడే ఉన్నాడు, ఒకరోజు తిరిగి కనుక్కోమనండి. షాపతన్ని రెండే అడగాలి. చిప్ తీసి గుండ్లు మారుస్తావా, లేక పైనుంచి వేడిగాలి కొట్టి ఇచ్చేస్తావా? వేడిగాలి కొట్టడమైతే వద్దు. కొన్నాళ్లు బాగుంటుంది, మళ్లీ ఎండలకు మొదటికొస్తుంది. రెండోది, చేశాక మళ్లీ వస్తే డబ్బులు వెనక్కి ఇస్తావా? జవాబు ఏం చెప్పాడన్నదానికన్నా ఎంతసేపు ఆలోచించి చెప్పాడో చూడమనండి.

ఎవరైనా 'ఐఎంఈఐ రిపేర్ చేస్తాం' అని కొత్త నంబరు ఎక్కిస్తామంటే అక్కడినుంచి లేచి వచ్చేయమనండి. ఐఎంఈఐ మార్చడం నేరం. 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టం ప్రకారం మూడేళ్ల దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా ఉన్నాయి. ఇక్కడే ఇంకో మాట. మీరు కొత్త ఫోన్ కొన్నారు కాబట్టి అడగలేదు గానీ, సెకండ్‌హ్యాండ్ ఫోన్ కొన్నవాళ్లకు ఉన్నట్టుండి రెండు సిమ్‌లూ పోతే ముందు చూడాల్సింది ఆ ఫోన్ దొంగసొత్తుగా బ్లాక్ అయిందేమో అని. కేంద్ర టెలికాం శాఖ వెబ్‌సైట్ సంచార్ సాథీలో ఐఎంఈఐ కొడితే తెలుస్తుంది. కేవైఎం అని ఇంగ్లిష్ అక్షరాల్లో టైపు చేసి, ఖాళీ వదిలి, నంబరు రాసి 14422కి మెసేజ్ పెట్టినా తెలుస్తుంది. అది హార్డ్‌వేరూ కాదు, సాఫ్ట్‌వేరూ కాదు, పోలీసు కేసు.

నేను మీ స్థానంలో ఉంటే మూత తీయించి తీగ చూపించుకుంటాను, ఫోన్‌ను ఎండకు దూరంగా ఉంచుతాను, అలా నడిచినన్నాళ్లు నడిపిస్తాను. ఈలోగా బ్యాంకుకు ఇచ్చిన నంబరు సిమ్‌ను ఇంట్లో ఏదైనా పాత ఫోన్‌లో వేసి ఉంచండి. బటన్ ఫోన్ అయినా సరే, కాకపోతే 4జీది అయి ఉండాలి, జియోకు 2జీ అసలు లేదు కదా. పేరెంట్స్ కాల్స్ దాంట్లోకే మళ్లించుకోండి. సిగ్నల్ లేనప్పుడు కూడా అందేలా కాల్ ఫార్వర్డింగ్‌లో 'నాట్ రీచబుల్' అనే చోట ఆ రెండో నంబరు ఇస్తే చాలు.

నాలుగు రోజుల పరీక్ష అయ్యాక నాకు రెండు సంగతులు రాయండి. డిక్కీలో పెట్టని మధ్యాహ్నాల్లో ఏమైంది, సిగ్నల్ లేనప్పుడు *#06# ఏం చూపించింది. మీ తమ్ముడికీ మీవారికీ మధ్య తీర్పు నేనెందుకు చెప్పాలి, ఆ నంబర్లే చెబుతాయి అంటారేమో. సరే, తీర్పు వాటికే వదిలేస్తాను. ఓడినవాళ్లు ఆ 600 మీకు ఇవ్వాలని మాత్రం ముందే ఒప్పించి పెట్టుకోండి.